పొడి అక్షరాల సంసారం

నా కంప్యూటర్‌లో ‘తపా’ అని కొట్టి ఎఫ్3 నొక్కితే ‘తదితరులు పాల్గొన్నారు’ అని పడుతుంది. పత్రికలో డెస్కు మీద ఉన్న రోజుల్లో పెట్టుకున్నది. జిల్లాల నుంచి వచ్చే ప్రతి సభావార్తా ఆ రెండు మాటలతోనే ముగిసేది. వేదిక మీద ఉన్నవాళ్ల పేర్లు వరసగా రాసుకుంటూ వచ్చి, చోటు చాలక, ఎవర్నీ నొప్పించలేక, చివర్న తదితరులకు కూడా ఒక కుర్చీ వేసేవాళ్లు మన విలేకరులు. ‘ఈసమా’ అంటే ‘ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ’. ‘ఘని’ అంటే ‘ఘనంగా నిర్వహించారు’. డెస్కు వదిలి అనువాదాల మీద బతుకుతున్నా ఆ పాత సరుకంతా కంప్యూటర్‌లో అలాగే ఉంది. కొత్తవీ వచ్చి చేరాయి. ‘మనవిచే’ అంటే ‘పై విషయమై తమరికి మనవి చేసుకొనునది ఏమనగా’. ‘సంఅ’ అంటే ‘సంబంధిత అధికారుల దృష్టికి తీసుకువెళ్లగా’. ఒకరోజు తీరిగ్గా ఆ జాబితా మొత్తం తెరిచి చూశాను. నేను ఏమేం ఆలోచించకుండా రాస్తానో అదంతా అక్షరక్రమంలో కనబడింది.

ఈ ఏర్పాటు తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. వర్డ్‌లో పదేపదే రాయాల్సి వచ్చే ముక్కను సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో దానికో పొట్టి పేరు పెట్టి ఓకే అనాలి. ఆ తర్వాత ఆ పొట్టి పేరు కొట్టి ఎఫ్3 నొక్కితే ముక్క మొత్తం వస్తుంది, అది మాటైనా సరే, పేజీడు మేటరైనా సరే, పట్టికతో సహా. లిబ్రె ఆఫీస్‌లో కంట్రోల్, ఎఫ్3తో దాచుకుని ఎఫ్3తో రప్పించుకుంటాం. ఫోన్లో పర్సనల్ డిక్షనరీ అనే చోట ఇదే పని చేసుకోవచ్చు. వాట్సాప్ బిజినెస్ పెట్టుకున్న చీరల కొట్లవాళ్లు ఒక ఏటవాలు గీత గీసి రెండక్షరాలు కొట్టి ‘స్టాక్ ఉందండీ, కలర్ గ్యారంటీ’ అని క్షణంలో పంపేది ఈ పద్ధతిలోనే.

వర్డ్‌లో దీన్ని మొదట గ్లోసరీ అనేవాళ్లు, తర్వాత ఆటోటెక్స్ట్ అయింది. దీని తమ్ముడు ఆటోకరెక్ట్. మైక్రోసాఫ్ట్‌లో డీన్ హషామోవిచ్ అనే ఆయన ఈ గ్లోసరీని చూసి, కంపెనీ చిరునామా తెచ్చిపెట్టే యంత్రం అక్షరదోషాన్ని మాత్రం ఎందుకు దిద్దకూడదు అనుకున్నాడు. ఇంగ్లీషులో ‘ది’ అనే మూడక్షరాల మాటను వేళ్ల తొందరలో అక్షరాలు తారుమారుగా కొట్టడం అందరికీ అలవాటే. ఆ తప్పు రూపాన్నే పొట్టి పేరుగా పెట్టి, సరైన రూపాన్ని దాని వెనక దాచాడు. ఎఫ్3 కూడా ఎందుకు, మాట అయిపోగానే ఎలాగూ స్పేస్‌బార్ నొక్కుతారు కదా, దానికే ఆ పని అప్పజెబితే పోలా అని తట్టింది. 1993లో వచ్చిన వర్డ్ 6తో అది లోకం మీదికి వచ్చింది. ఇవాళ ఫోన్లు మన మాటల్ని తమకు తోచినట్టు మార్చేయడానికి మూలం ఆ స్పేస్‌బారే.

ఈ స్పేస్‌బార్ దగ్గరే తెలుగుకు చిక్కు వచ్చింది. ఇంగ్లీషులో మాట ఎక్కడ వాడినా ముప్పాతికపాళ్లు ఒకే రూపంలో ఉంటుంది. తెలుగులో అలా కుదరదు. ప్రభుత్వం, ప్రభుత్వాన్ని, ప్రభుత్వానికి, ప్రభుత్వమే, ప్రభుత్వమంటే... మాట తోకతో సహా కదులుతుంది. ‘ప్రభు’ కొడితే ‘ప్రభుత్వం’ వచ్చేలా ఆటోకరెక్ట్‌లో పెట్టుకున్నవాడు స్పేస్ కొట్టి, మాట వచ్చాక వెనక్కి జరిగి, సున్నా చెరిపి, దీర్ఘమిచ్చి ‘నికి’ చేర్చుకోవాలి. ఆ సర్కస్ కంటే మొదట్నుంచీ చేత్తో కొట్టుకోవడమే నయం. అందుకే మనకు స్పేస్ కంటే ఎఫ్3 నప్పుతుంది. అది ఖాళీ వదలదు. ‘ప్రభుత్వ’ అని తోక లేకుండా దాచుకుంటే, వచ్చిన చోటు నుంచి ఏ విభక్తి కావాలంటే అది అతికించుకుంటూ పోవచ్చు. ఇదీ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవాళ్లకే. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ కీబోర్డులో అయితే ‘ప్రభుత్వఆనికి’ అని రెండు ముక్కలుగా పడి నవ్వులపాలవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌తో ఇంకో తంటా. ‘ఆంధ్రప్రదేశ్‌లో’ అని రాయాలంటే పొల్లు శకారానికీ లోకీ మధ్య కంటికి కనబడని అక్షరం ఒకటి పెట్టాలి. అది లేకపోతే లకారం వత్తుగా మారి శకారం కిందికి దిగిపోతుంది. కీబోర్డులో ఆ అదృశ్యాక్షరం ఎక్కడుందో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లకు వేళ్లు సాగవు. దాన్ని రాష్ట్రం పేరు చివరే అతికించి ‘ఆప్ర’ అన్న పేరుతో దాచిపెడితే ఇక ఆ గొడవ ఉండదు. నా జాబితాలో నిజంగా కష్టం తగ్గించినది ఏదంటే దాన్నే చూపిస్తాను.

పేర్లు పెట్టడంలోనూ మెళకువ ఉంది. మామూలు రాతలో ఎన్నడూ రాని అక్షరాల జంటనే పొట్టి పేరుగా పెట్టుకోవాలి. ‘మనవిచే’ని ఇంకా కుదించి ‘మన’ అంటే బాగుంటుందనిపిస్తుంది గానీ, ఆటోకరెక్ట్‌లో అలా పెడితే ‘మన ఊరు’ అని రాసిన ప్రతిసారీ అర్జీ దిగబడుతుంది. యూనికోడ్ రాకముందు డీటీపీ సెంటర్లలో ఈ ఆటోకరెక్ట్‌ను అసలు దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. అప్పటి తెలుగు ఫాంట్లలో లోపల ఉన్నది ఇంగ్లీషు సంకేతాలే, పైకి తెలుగు ముసుగు. వాక్యం మొదట చిన్నక్షరం కనబడిందని వర్డ్ దాన్ని పెద్దక్షరం చేస్తే, పైన ఏ గుడి స్థానంలోనో ఇంకేదో వత్తు ప్రత్యక్షమయ్యేది. వర్డ్ ఇన్‌స్టాల్ చేయగానే మొదట ఆ టిక్కులన్నీ తీసేయడమే ఆపరేటర్ల ఆచారం. ఆ తరం ఇప్పటికీ ఆటోటెక్స్ట్ అంటే కాస్త అనుమానంగానే చూస్తుంది.

అవసరం మాత్రం కంప్యూటర్‌తో పుట్టింది కాదు. ఐజాక్ పిట్మన్ 1837లో షార్ట్‌హ్యాండ్ తెచ్చినప్పటి నుంచీ ఆఫీసుల్లో పదేపదే వచ్చే పదబంధాలకు ఒకే గీత ఉండేది. ‘మీ ఉత్తరం అందినది’ అన్నంత మాటా కలం ఎత్తకుండా ఒక మెలిక. ఇంకా వెనక్కి పోతే పాణిని 14 మాహేశ్వర సూత్రాల్లో వర్ణాలన్నీ ఒక వరసలో కూర్చి, ఆ వరసలో మొదటిదీ చివరిదీ చెబితే మధ్యవన్నీ వచ్చేలా చేశాడు. అచ్ అంటే స్వరాలన్నీ, హల్ అంటే వ్యంజనాలన్నీ. ఎఫ్3 ఒక్కటే తక్కువ.

నాకు అన్నిటికంటే ముచ్చటేసేది గ్రీటింగ్ టెలిగ్రామ్. పెళ్లికో, దీపావళికో, రంజాన్‌కో, పరీక్ష పాసైనందుకో శుభాకాంక్షలు పంపాలంటే తంతి ఆఫీసు గోడ మీద వాక్యాల పట్టిక ఉండేది. ఒక్కో వాక్యానికి ఒక్కో అంకె. ఫారం మీద మాటలు రాయనక్కర్లేదు, అంకె వేసి కింద పేరు రాస్తే చాలు. తీగ మీద వెళ్లేది అంకె, అవతలి ఊళ్లో కవరులో పెట్టి అందించేది నిండు వాక్యం. అంకె తారుమారైతే కొత్త పెళ్లికొడుక్కి ఎలాంటి అభినందనలు అందుతాయో ఎవరి ఊహకు వాళ్లకే వదిలేయవచ్చు. 2013 జులైలో దేశంలో టెలిగ్రామ్ ఆగిపోయేదాకా ఎందరి పెళ్లి ఆల్బమ్‌లలోనో ఈ అంకెల వాక్యాలు అతికించి దాచుకున్నారు. పంపినవాడు రాయలేదు కదా అని ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. కింద పేరు పంపినవాడిదే కదా.

ఈ పొట్టి పేర్లతో బోలెడు కాలం కలిసొస్తుందని కంప్యూటర్ పాఠాలు చెప్పేవాళ్లు అంటారు. ఆ మాట మీద నాకు పెద్ద గురి లేదు. మిగిలిన క్షణాలన్నీ ఫోన్లో రీల్స్ చూడ్డానికే పోతాయి. పైగా చేతికి సులువుగా దొరికేదాన్ని అవసరం ఉన్నా లేకున్నా వాడతాం. ‘ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ’ అన్నది చేత్తో కొట్టాల్సి ఉంటే, అంత కష్టమెందుకని ‘ఆయన అన్నారు’తో సరిపెట్టే అవకాశం ఎంతో కొంత ఉంటుంది. మూడక్షరాలకు వచ్చేస్తుంటే ఆ బద్ధకం చేసే మేలు కూడా పోతుంది. చెత్త వాక్యానికి పొట్టి పేరు పెట్టడమంటే దానికి పింఛను మంజూరు చేయడమే, ఇక అది చచ్చేదాకా మన దగ్గరే ఉంటుంది.

మరి ఎలాంటి వాక్యానికి పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు తెనాలిలో మా బాబాయి షాపులో కూర్చుంటే దొరుకుతుంది.

బాబాయి డాక్యుమెంట్ రైటర్. స్టాంపు కాగితం మీద ఇంకుపెన్నుతో రాసిన కాలం నుంచి ఉన్నాడు. అప్పట్లో ఈయన రాసిన దస్తావేజును రిజిస్ట్రారు ఆఫీసులో కాపీ రాసేవాళ్లు పెద్ద పుస్తకాల్లోకి మళ్లీ చేత్తో ఎక్కించేవాళ్లు. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్లు కంప్యూటర్‌లోకి వచ్చాక ఆ కాపీ రాతలు పోయాయి, ఈయన దగ్గరికి కీబోర్డు వచ్చింది. ఆయన జాబితా ముందు నాది బలాదూర్. ‘పుత్ర’ అంటే ‘పుత్రపౌత్ర పారంపర్యముగా దాన విక్రయాది సర్వ స్వతంత్ర హక్కులతో’. ‘జప్తు’ అంటే సదరు ఆస్తి మీద తాకట్టు, జప్తు, కోర్టు తగాదా ఏవీ లేవని, ఒకవేళ తేలితే అమ్మినవాడే సొంత ఖర్చులతో తీర్చి ఇస్తాడని చెప్పే పేరా. అన్నిటికీ పెద్దది ‘అష్ట’. అది కొడితే ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగ తేజ స్వామ్యములతో’ అని ఒక్క ఊపున దిగుతుంది.

ఆ వాక్యం వయసు చూస్తే ఒళ్లు ఝల్లుమంటుంది. విజయనగర రాజుల కాలపు దానశాసనాల్లో, రాగిరేకుల మీద, అగ్రహారం ఇచ్చేటప్పుడు చెక్కినది ఈ వరసే. భూమిలో ఉన్న నిధి, ఎవరో పాతిపెట్టిన సొమ్ము, నీరు, రాయి, తరగకుండా వచ్చే ఫలం, మున్ముందు రాబోయే ఫలం, ఇప్పటికే సాగులోకి వచ్చింది, సాగులోకి తేగలిగింది. ఊరు చేతులు మారితే ఏమేం మారతాయో ఒకడు కూర్చుని, వేలు మడిచి, ఏదీ జారిపోకుండా లెక్కవేసి రాసిన మాట అది. రాగిరేకు నుంచి తాటాకు, తాటాకు నుంచి స్టాంపు కాగితం, అక్కడి నుంచి టైపు మిషను, చివరికి ఎఫ్3. ఇవాళ అపార్టుమెంటులో మూడో అంతస్తు ఫ్లాటు కొన్నవాడికి కూడా జల పాషాణాలతో సహా రాసిస్తున్నారనుకోండి. భూమిలో నిధి దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఒకవైపు ఉండనే ఉంది. అయినా అమ్మేవాడు నిధిని ధారాళంగా ఇచ్చేస్తూనే ఉన్నాడు.

నవ్వొస్తుంది గానీ, దీనికి పొట్టి పేరు పెట్టడంలో న్యాయముంది. బాబాయి ‘అష్ట’ని వాడేది తొందర కోసం కాదు, ఆయనకు తొందరే లేదు. చేత్తో రాసే రోజుల్లో ఎనిమిదింట్లో ఒకటి జారిపోయిన దస్తావేజులు ఆయన చాలా చూశాడు, ఎక్కువగా ‘ఆగామి’ జారేదట. ఒకసారి సరిచూసి లోపల పెట్టాక ఇక అది చెడదు. ఎప్పుడో ఎవరో పెట్టిన బుర్రను ఉన్నదున్నట్టు దాటించడమే దాని పని. ‘తదితరులు పాల్గొన్నారు’ వెనక అలాంటి బుర్ర ఎవరూ పెట్టలేదు, అదీ తేడా.

అదే బాబాయి హద్దుల దగ్గరికి వచ్చేసరికి ఎఫ్3 మీంచి చెయ్యి తీసేస్తాడు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అన్న నాలుగు దిక్కుల పేర్లు కూడా ఆయన జాబితాలో లేవు. లింకు డాక్యుమెంటు ఎదురుగా పెట్టుకుని, పార్టీల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి, ఒక్కో దిక్కూ పైకి చదువుతూ అక్షరం అక్షరం కొడతాడు. ఒకసారి నేనుండగా ఒక రైతు విసుక్కున్నాడు.

“కంప్యూటర్లో ఉంటుంది గదా రైటరుగారూ, నొక్కెయ్యండి. అవతల బస్సుకి టైమైపోతోంది.”

“ఉంది. దాంట్లో ఉన్నది కిందటి వారం అమ్మినాయన పేరు. నొక్కమంటావా?”

రైతు మారుమాట్లాడకుండా తూర్పు హద్దు చెప్పాడు.

ఆ జవాబులో వెటకారం కంటే భయమే ఎక్కువ. ఈ వృత్తిలో ఎక్కువ మంది చేసేది, కిందటి దస్తావేజు తెరిచి పేర్లు మార్చి కొత్త పేరుతో సేవ్ చేయడం. పది చోట్ల మార్చి పదకొండో చోట పాత కొనుగోలుదారు మిగిలిపోతాడు. సంతకాలై రిజిస్ట్రేషన్ అయ్యాక అది బయటపడితే సవరణ దస్తావేజు రాయాలి, అమ్మినవాణ్ణీ కొన్నవాణ్ణీ మళ్లీ పిలిచి సంతకాలు పెట్టించాలి. డబ్బు ముట్టాక అమ్మినవాడు మళ్లీ ఆఫీసు మెట్లెక్కడం ఎంత కష్టమో ఆ షాపులో ఎవర్నడిగినా చెబుతారు. అందుకని బాబాయి దాచుకున్న ప్రతి పేరాలోనూ మనిషి పేరుండాల్సిన చోట చుక్కలు కూడా పెట్టడు. పసుపు రంగు పూసిన ఖాళీ ఉంటుంది. రంగు కనబడినంతసేపూ ప్రింటుకు ఇవ్వరు. వర్డ్ రంగును కూడా దాచుకుని తెచ్చి పెడుతుంది కాబట్టి ఇది సాధ్యమైంది. నేను చూసిన ఆటోటెక్స్ట్ వాడకాల్లో ఇంతకంటే తెలివైనది లేదు. చదివితే తెలిసిపోయే భాగాన్ని యంత్రానికి వదిలి, అడిగితే గానీ తెలియనిదాన్ని మనిషికి ఉంచాడు.

నేను కూడా అదే పద్ధతి పట్టి నా జాబితాను జల్లెడపట్టాను. ‘సంఅ’ తీసేశాను, అధికారి ఎవరో తెలిస్తే పేరు రాయొచ్చు, తెలియకపోతే ఆ వాక్యమే అక్కర్లేదు. ‘ఆప్ర’ని ఉంచాను. ‘తపా’ను మాత్రం తీయలేదు, పాత ఉద్యోగం గుర్తుగా ఉండనిచ్చాను. చావు కబురుకు రాసే ఉత్తరాలకు మొదట్నుంచీ ఏ పొట్టి పేరూ లేదు. ఫోను మాత్రం ‘వారి’ అని కొట్టగానే ‘పవిత్ర ఆత్మకు’ అని సిద్ధంగా పైన పెడుతోంది.

కిందటేడు బాబాయి షాపులో కంప్యూటర్ మారింది. కొత్తది బిగించిన కుర్రాడు డాక్యుమెంట్లన్నీ తెచ్చాడు గానీ నార్మల్ అనే టెంప్లేటు ఫైలు తేలేదు. దాచుకున్న పొట్టి పేర్లన్నీ ఉండేది అందులోనే. ‘అష్ట’ కొట్టి ఎఫ్3 నొక్కితే ‘అష్ట’ అష్టగానే నిలబడింది. ఆ కుర్రాడు పాత డిస్కు పట్టుకుని తిరిగి వచ్చేది మర్నాడు, షాపులో పార్టీలు కూర్చుని ఉన్నారు. బాబాయి దగ్గర టైపు చేసే అమ్మాయి ఒక పాత దస్తావేజు పక్కన పెట్టుకుని మొత్తం చేత్తో కొట్టడం మొదలుపెట్టింది. ఆ మాటలన్నీ అంత నిదానంగా చూడ్డం ఆమెకు అదే మొదలు.

“సార్, అక్షీణం అంటే?”

“తరుగు లేనిదమ్మా.”

“ఆగామి?”

“ముందు ముందు వచ్చేది.”

ఆమె ఒక లైను కొట్టి ఆగింది. “వచ్చేవన్నీ రాశారు గానీ పోయేవి రాయలేదేంటి సార్? మా పెద్దమ్మ వాళ్లది రోడ్డు వెడల్పు చేసినప్పుడు సగం పోయింది. ఆ డబ్బులు అమ్మినోళ్లకా కొన్నోళ్లకా అని ఇప్పటికీ కొట్టుకుంటన్నారు.”

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కొనడానికి వచ్చినాయన కుర్చీ ముందుకు జరుపుకుని, “అవునండీ, నాది కూడా రోడ్డు పక్కదే, ఆ ముక్కేదో వేయండి” అన్నాడు. అమ్ముతున్నాయన వెంటనే, “ఇదివరకు పోయినదానికి వచ్చే పరిహారం మాత్రం నాదే” అన్నాడు. కాసేపు బేరం నడిచింది. బాబాయి రెండు వాక్యాలు చెప్పాడు, ఆ అమ్మాయి కొట్టింది. బాబాయి ఒక మాట మార్పించాడు, కొనేవాడు ఇంకోటి మార్పించాడు. రిజిస్ట్రేషన్ తేదీకి ముందు పోయిన మేరకు పరిహారం అమ్మినవారిది, ఆ తర్వాత పోయిన మేరకు కొన్నవారిది అని తేలింది. మర్నాడు పాత ఫైలు వచ్చాక, జాబితాలో ‘పుత్ర’ తర్వాత ‘రోడ్డు’ అని కొత్తది చేరింది, తేదీ దగ్గర పసుపు ఖాళీతో.